మైక్రోవేవ్ పక్కన అంటించిన కాగితం

మా ఆఫీసు వంటగదిలో మైక్రోవేవ్ పక్కన అప్పుడప్పుడు ఒక కాగితం వెలుస్తుంది. ఎవరికో హెచ్-1బీ (విదేశీ నిపుణులు అమెరికాలో పనిచేయడానికిచ్చే వీసా) దరఖాస్తు వేస్తున్నారని, ఆ ఉద్యోగం ఫలానా, జీతం ఇంత, ఇన్నాళ్లకు అని అందులో ఉంటుంది. మధ్యాహ్నం పప్పన్నం వేడి చేసుకుంటూ రెండేసి నిమిషాలు దాని ముందు నిలబడతాం గానీ, ఒక్కరమూ చదవం. మొన్న నా డబ్బా లోపల తిరుగుతుండగా నేను చదివాను. చదివి ఊరుకోక, ఇంటికి వెళ్లి నా సొంత పాత ఎల్‌సీఏ కాగితాలు, అంటే నా వీసా కోసం యజమాని కార్మిక శాఖకు వేసిన దరఖాస్తులు, బయటికి తీశాను.

హెచ్-1బీ మీద మనిషిని తెచ్చుకునే యజమాని ఆ ఎల్‌సీఏలో అమెరికా కార్మిక శాఖకు నాలుగు హామీలు ఇవ్వాలి. ఆ పనికి తగిన జీతం ఇస్తానని ఒకటి. తోటివాళ్ల పని పరిస్థితులు చెడగొట్టనని రెండోది. ఆ చోట ఆ పనిలో సమ్మె గానీ లాకౌటు గానీ నడవడం లేదని మూడోది. నాలుగోది నోటీసు. ఆ పనివాళ్లకు కార్మిక సంఘం ఉంటే నోటీసు ఆ సంఘం ప్రతినిధి చేతికి ఇవ్వాలి, సంఘం లేనప్పుడే గోడకు అంటించడమో ఉద్యోగులకు మరో దారిలో తెలియజేయడమో చేయాలి. అంటే మా మైక్రోవేవ్ పక్కకు ఆ కాగితం వచ్చిందంటే, దాన్ని అందుకునే మనిషి మాకు లేడనే అర్థం. ఇన్నేళ్లు నేను దాని ముందు నిలబడి పెరుగన్నం తిన్నాను.

మా నాన్న గోదావరిఖనిలో బొగ్గుబాయి కార్మికుడు. మొదటి షిఫ్టుకు వెళ్లేవాళ్లను బాయి దగ్గర ఆపి గేట్ మీటింగ్ పెట్టేవారు. ఐదారు సంఘాల జెండాలు, ఒకరి మీద ఒకరికి గిట్టని నాయకులు. 1998లో సింగరేణిలో మొదటిసారి రహస్య బ్యాలెట్‌తో గుర్తింపు సంఘం ఎన్నిక జరిగినప్పుడు, అసెంబ్లీకి ఓటేసినంత శ్రద్ధగా ఉతికిన చొక్కా వేసుకుని వెళ్లివచ్చాడు. ఆ నాయకుల్లో పైరవీలు చేసుకున్నవాళ్లూ ఉన్నారు, ఆ సంగతి మా నాన్నే చెప్పేవాడు. అయినా మస్టర్ తప్పు పడినా, మెడికల్ బిల్లు ఆగినా ముందు పిట్ కార్యదర్శి, అంటే ఆ బాయిలో సంఘం కార్యదర్శి, దగ్గరికి వెళ్లేవాడు. మేనేజరు గదిలోకి ఒంటరిగా వెళ్లడం ఆయన ఎరగడు. 2023 డిసెంబరులో మళ్లీ ఆ ఎన్నికలు జరిగినప్పుడు ఫోన్లో ఫలితాలన్నీ చెప్పి, చివర్లో అడిగాడు: "మీ దగ్గర ఎవరురా కార్యదర్శి?" హెచ్ఆర్ అని ఒక విభాగం ఉంటుంది నాన్నా అన్నాను. "అది మేనేజ్‌మెంటు వాళ్లది కాదా?" అన్నాడు.

మనవాళ్లలో చాలామందికి యూనియన్ అంటే లుంగీ, జెండా, బంద్. చదువుకున్నవాడికి, లక్ష డాలర్ల పైన తెచ్చుకునేవాడికి దాంతో పనేమిటి అనుకుంటాం. ఆ లక్ష డాలర్ల మనిషి పరిస్థితి కాస్త చూడండి. మొంటానా తప్ప మిగతా రాష్ట్రాలన్నింటిలో కారణం చెప్పకుండానే పనిలోంచి తీసేయవచ్చు. తీసేస్తే హెచ్-1బీ వాడికి దేశంలో ఉండటానికి మిగిలేది గరిష్ఠంగా 60 రోజులు. 2017 జనవరికి ముందు ఆ వెసులుబాటు కూడా నియమాల్లో లేదు. ఆ 60 రోజుల్లో నాలుగైదు రౌండ్ల ఇంటర్వ్యూలు, కొత్త యజమాని దరఖాస్తు, ఇంటి లీజు, బడి మధ్యలో ఉన్న పిల్లలు. 2022 నవంబరులో మెటా 11,000 మందిని, 2023 జనవరిలో గూగుల్ 12,000 మందిని తీసేసినప్పుడు మన వాట్సాప్ గుంపులన్నీ అర్ధరాత్రి దాకా రోజులు లెక్కపెట్టాయి. దీనికి తోడు ఏ దేశానికీ 7 శాతానికి మించి గ్రీన్ కార్డులు ఇవ్వకూడదన్న పరిమితి. పక్క టేబుల్ దగ్గర కూర్చున్న వేరే దేశం వాడికి రెండు మూడేళ్లలో తెగే ముడి మనకు పదేళ్లు దాటినా తెగదు. అందుకే ఆదివారం ఆన్‌కాల్ మనకే పడుతుంది. పిప్‌లో (పనితీరు మెరుగుపరుచుకోమని ఇచ్చే గడువులో) పెడతామంటే మారు మాట్లాడకుండా సంతకం పెట్టేదీ మనమే. నాకు కార్డు రావడానికి 14 ఏళ్లు పట్టింది. ఈ నాలుగు మాటలు రాసే ధైర్యం కూడా ఆ కార్డు ఇచ్చిందే, నాది కాదు.

కార్డు చేతికొచ్చాక కూడా నేనేం చేశానో చెప్పాలి. రెండేళ్ల కిందట మా జిల్లా కుర్రాడు ఒకడు ఫోన్ చేశాడు. కన్సల్టెన్సీ గెస్ట్ హౌస్‌లో గదికి నలుగురు. మూడు నెలలుగా బెంచి మీద ఉన్నాడు, అంటే ప్రాజెక్టు లేదు, జీతం లేదు. పైగా హెచ్-1బీ ఖర్చు తన దగ్గరే వసూలు చేశారు. "అన్నా, నా పేరు మాత్రం ఎక్కడా రాయకండి" అన్నాడు. ప్రాజెక్టు దొరకకపోవడం యజమాని తలనొప్పి, బెంచి మీద ఉన్నా జీతం ఇచ్చి తీరాలన్నది చట్టం. దరఖాస్తు ఖర్చు కూడా యజమాని పెట్టుకోవలసిందే. కార్మిక శాఖకు డబ్ల్యూహెచ్-4 అనే ఫారం మీద ఫిర్యాదు చేయవచ్చు. ఇవన్నీ నాకు తెలుసు. నేను చెప్పింది మాత్రం: "ప్రాజెక్టు దొరికేదాకా ఓపిక పట్టు తమ్ముడూ, వాళ్లతో పెట్టుకోకు."

ఓపిక పట్టాడు. ఇప్పుడు వేరే ఊళ్లో ఉన్నాడు. ఆ జీతం రాలేదు.

అలా పెట్టుకున్నవాళ్లు లేకపోలేదు. పిట్స్‌బర్గ్‌లో ఒకప్పటి బిస్కెట్ల ఫ్యాక్టరీని బేకరీ స్క్వేర్‌గా మార్చారు. అక్కడ గూగుల్ ఆఫీసులో హెచ్‌సీఎల్ అనే భారతీయ ఐటీ కంపెనీ తరఫున కాంట్రాక్టు మీద పనిచేసే ఉద్యోగులు 2019 సెప్టెంబరులో ఓటింగు పెట్టుకుని, 49-24 తేడాతో ఉక్కు కార్మికుల సంఘంలో చేరారు. అవును, ఉక్కు కార్మికుల సంఘమే. గూగుల్ వాళ్ల పక్కనే కూర్చుని పనిచేస్తూ వాళ్లకంటే తక్కువ జీతం, తక్కువ సెలవులు తీసుకోవడం వాళ్ల కడుపుమంట. మరుసటి ఏడాది, సంఘం పెట్టినందుకే కంపెనీ పనిని పోలండ్‌కు తరలించిందంటూ కార్మిక సంబంధాల బోర్డు అధికారులు అభియోగం మోపారు. మొదటి ఒప్పందం కుదిరేసరికి 2021 వచ్చింది. సంఘం పెట్టగానే అన్నీ సర్దుకుంటాయని నేను అనడం లేదు. ఓటుకూ ఒప్పందానికీ మధ్య గడిచిన ఆ కాలమంతా నిలబడగలిగారంటే, వీసా గడియారం నెత్తిన మోగనివాళ్లకే అది సాధ్యం అనిపిస్తుంది కూడా.

అయితే మనం చేయగలిగింది బొత్తిగా లేదా? 1935 నాటి జాతీయ కార్మిక సంబంధాల చట్టం ప్రకారం ప్రైవేటు కంపెనీల ఉద్యోగులు తమ జీతాల గురించి, పని గురించి తమలో తాము మాట్లాడుకోవచ్చు, కలిసి అడగవచ్చు. సంఘం లేకపోయినా ఆ హక్కు ఉంటుంది. వీసా మీద ఉన్నంత మాత్రాన పోదు. సూపర్వైజర్లకు మాత్రం వర్తించదు. కానీ పేరు పక్కన లీడ్ అని తగిలించినంత మాత్రాన ఎవరూ సూపర్వైజరు అయిపోరు, అసలు అధికారం ఉందా లేదా అన్నదే చూస్తారు. ఇక జీతం రహస్యం అంటారా? ఎల్‌సీఏల్లోని జీతాలు కార్మిక శాఖే మూడు నెలలకోసారి బయట పెడుతుంది. పెళ్లి సంబంధం వచ్చినప్పుడు అబ్బాయి కంపెనీ పేరు, ఊరు కొట్టి జీతం ఎంతో లెక్కగట్టే పెద్దమ్మలు మన తెలుగు సంఘంలోనే ఉన్నారు. ఆ వెతుకులాట ఆఫీసులో పక్కవాడితో కూర్చుని చేయడానికే మనకు చెయ్యాడదు.

అమెరికన్ పనివాడికి మన మీద ఉన్న కోపాన్నీ దాటవేయకూడదు. 2015లో ఫ్లోరిడా డిస్నీలో సుమారు 250 మందిని, వాళ్ల స్థానంలో వచ్చిన కాంట్రాక్టు కంపెనీల మనుషులకు పని నేర్పించాక ఇంటికి పంపారు. ఆ వచ్చినవాళ్లలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లూ ఉన్నారు. ఆ కథ విన్నప్పుడు మనం ఉడుక్కుంటాం, మనల్ని దొంగల్లా చూస్తున్నారని. వాళ్ల బాధలో న్యాయం ఉంది. నోరెత్తలేని మనిషి పక్క టేబుల్ దగ్గర ఉంటే నోరున్నవాడి బేరం కూడా పడిపోతుంది. మనల్ని వెళ్లగొడితే ఆ జబ్బు పోతుందనుకోవడం మాత్రం పొరపాటు. ఆ కంపెనీ మరుసటి ఏడాది మరో నోరులేనివాణ్ణి వెతుక్కుంటుంది. వీసా అనేది కంపెనీ చేతిలో కాక మనిషి చేతిలో ఉంటే ఆ జబ్బు పోతుంది. ఈ మాట అమెరికన్ సంఘాలతో కలిసి కూర్చుని చెప్పవలసింది మనమే. ఇన్నాళ్లూ మన తరఫున వాషింగ్టన్‌లో గట్టిగా మాట్లాడింది ఎక్కువగా కంపెనీలే.

ఇక మన తెలుగు సంఘం సంగతి. మహాసభల్లో అవధానం ఉంటుంది, పెళ్లి పరిచయ వేదిక ఉంటుంది, ఇమ్మిగ్రేషన్ లాయరు గారి సదస్సు ఉంటుంది. ఆ సదస్సులో దరఖాస్తు ఎలా వేయాలో చెబుతారు, ఫిర్యాదు ఎలా వేయాలో ఒక్కసారీ వినలేదు. వేదిక వెనక బ్యానరు మీద ప్లాటినం, గోల్డ్ దాతల పేర్లు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. కన్సల్టెన్సీలన్నీ చెడ్డవని కాదు, నా మొదటి జీతం ఒక కన్సల్టెన్సీ ఇచ్చిందే, ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదు. కానీ బెంచి మీద జీతం ఎగ్గొట్టినవాడికి శాలువా కప్పి, ఆ జీతం రానివాడి చేత వాలంటీర్ చొక్కా వేయించి భోజనాల దగ్గర నిలబెట్టిన రోజులు మనకు ఉన్నాయి. ఇద్దరినీ ఎరిగినవాళ్లం కార్యవర్గంలోనే ఉన్నాం. నేనూ రెండేళ్లు ఉన్నాను.

వచ్చే మహాసభల్లో శనివారం మధ్యాహ్నం ఒక గంట కావాలని అడిగాను. కార్మిక చట్టం తెలిసిన లాయరు ఒకరు, ఏదైనా సంఘం నుంచి ఒక నిర్వాహకుడు, తలుపు దగ్గర పేర్లు రాసుకోకుండా. కార్యక్రమాల పట్టిక ఇప్పటికే నిండిపోయిందన్నారు. పట్టిక తెప్పించుకుని చూశాను. మూడింటికి 114వ గది ఖాళీగా ఉంది.