ధవళేశ్వరం కొట్టరా!

ఫోన్లలో బొమ్మలు పెట్టేవాళ్ళు ఒక మాట గట్టిగా చెబుతుంటారు: బొమ్మ చూడగానే అర్థమైపోవాలి, చదువు రానివాళ్ళకి కూడా. ఈ సిద్ధాంతాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. సమర్థిస్తూనే మా మావయ్య సంగతి విన్నవించుకుంటున్నాను.

మావయ్యది అంబాజీపేటలో కొబ్బరికాయల వ్యాపారం. కాయ చెవి దగ్గర ఆడించి, నీళ్ళ చప్పుడు విని, ముదురో లేతో చెప్పేస్తాడు. ఆయనకి ఫోన్‌లో మెనూ తెరిచే మూడు అడ్డగీతలు చూపించి ఇదేంటన్నాను. "విభూతి రేఖలు కాదేంట్రా?" అన్నాడు. 1981లో వచ్చిన జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం, జాబితాలా కనిపించాలని నార్మ్ కాక్స్ అనే ఆయన గీసిన గీతలవి. పాపం, గీసే ముందు ద్రాక్షారామం వచ్చినట్టు లేదు. తర్వాత్తర్వాత జనానికి వాటిలో హాంబర్గర్ కనిపించింది. ఎవరి ఆకలి వాళ్ళది. అదే నిలువుగా మూడు చుక్కలుంటే మావయ్య లెక్కలో నిలువు నామాలు, అంతర్వేది వైపు. శైవం ఎక్కడ నొక్కాలో, వైష్ణవం ఎక్కడ నొక్కాలో ఇప్పటిదాకా ఒక్కసారీ తప్పలేదు.

ఇక షేర్ బొమ్మ. ఒక చుక్క లోంచి రెండు గీతలు చీలి చెరో చుక్క దగ్గర ఆగుతాయే, అది. పావుగంట వివరించాను. ఆయన కళ్ళజోడు పైకి తోసి, "ధవళేశ్వరం అని చెప్పొచ్చు కదరా! ఇదిగో ఆనకట్ట, ఇటు గౌతమి, అటు వసిష్ఠ" అని తేల్చేశాడు. వైనతేయ పాయ వెయ్యలేదని మాత్రం కంపెనీ వాళ్ళ మీద చిన్న కోపం. ఇప్పుడు ఇంట్లో అందరం "ఆ ఫొటో ఇటు ధవళేశ్వరం కొట్టరా" అనే అంటున్నాం.

నవ్వడానికి మనమేం తక్కువ తిన్నాం? మావయ్య కొట్లో గుమస్తా లెక్కలు సేవ్ చెయ్యడానికి నొక్కే చదరపు బొమ్మ ఫ్లాపీ, పాతకాలం కంప్యూటర్లలో ఫైళ్ళు దాచుకున్న బిళ్ళ. పట్టేది 1.44 ఎంబీ. ఇవాళ కొబ్బరి రాశి ఫొటో ఒకటి తీస్తే అందులో ఇమడదు. సోనీ కంపెనీ 2011లోనే జపాన్‌లో వాటి అమ్మకం ఆపేసింది. అలాంటి వస్తువు ఒకటి ఉండేదంటే గుమస్తా కుర్రాడు నమ్మలేదు. అయినా తప్పు నొక్కడు. 'అ'లో అమ్మ ఎక్కడుంది? వేలు పట్టి దిద్దించారు, వచ్చేసింది.

పైకెత్తిన బొటనవేలు బొమ్మ దగ్గరే కాస్త ఇబ్బంది. మావయ్యకి అది వేలిముద్ర, అంటే కబురు ముట్టినట్టు రసీదు. పెళ్ళి కబురుకీ వేస్తాడు. ఆమధ్య ఒక పెద్దాయన పోయారన్న కబురుకీ వేశాడు. పెద్దకర్మకి వెళితే ఆ ఇంట్లో మమ్మల్ని మంచినీళ్ళు కావాలా అని అడిగినవాళ్ళు లేరు.

కాబట్టి సదరు కంపెనీలకు నా మనవి: బొమ్మ ఏదైనా పెట్టుకోండి, మా కథ మేం అల్లుకుంటాం. అల్లుకున్నాక మాత్రం దయచేసి మార్చకండి.

మొన్న యాప్ తనంతట తనే అప్‌డేట్ అయింది. తెల్లారకుండానే మావయ్య ఫోన్.

"ఒరేయ్, ధవళేశ్వరం ఎత్తేశార్రా!"

"వంకర బాణం ఉంటుంది చూడు మావయ్యా. ఇప్పుడదే."

కాసేపు అటునించి చప్పుడు లేదు.

"బాణం సరేరా. గౌతమి ఎటు పోయింది?"