సంక్రాంతి వారం: గృహ వినోద శాఖ మార్గదర్శకాలు

సంక్రాంతికి విజయవాడ రోడ్డెక్కి ఊళ్లకు పోయినవాళ్ల గురించి ఇక్కడ చర్చించనక్కర్లేదు. వాళ్ల సెలవుల్లో మొదటి పూట పంతంగి టోల్‌గేటు దగ్గర గడుస్తుంది, మిగతాది చుట్టాలు చూసుకుంటారు. కష్టమంతా హైదరాబాదులో మిగిలిపోయినవాళ్లది. ఆఫీసు లేదు, బడి లేదు, రోడ్ల మీద ట్రాఫిక్ కూడా లేదు. ఇంటిల్లిపాదీ వారం రోజులు ఒకే కప్పు కింద సరదాగా గడపాలి. ఇంత బరువైన బాధ్యతను ఏ ముందస్తు శిక్షణా లేకుండా కుటుంబాల నెత్తిన పెట్టడం ఎంతవరకు సబబో పెద్దలు ఆలోచించాలి. వాళ్లు ఆలోచించేలోగా వారం గడవాలి కాబట్టి, ఈ మార్గదర్శకాలు.

మొదట పఠనం, ఎందుకంటే అది తొందరగా అయిపోతుంది. డిసెంబరు బుక్ ఫెయిర్‌లో కొన్న పుస్తకాలు ఇంకా సంచిలోనే ఉంటాయి. బయటికి తీసి, లోపలి పేజీలో పేరు రాసి, డెమ్మీ సైజువి ఒక వరస, క్రౌన్ సైజువి ఒక వరస నిలబెడితే కార్యక్రమం ముగిసినట్టే. అంతటితో ఆగక చదవాలని పట్టుబట్టేవాళ్లు ఒక సంగతి గమనించాలి. ఇప్పుడు వచ్చే పుస్తకాల్లో చాలావాటికి కుట్టు ఉండదు, వెన్నుకు జిగురే ఆధారం. కొత్త పుస్తకాన్ని సరిగ్గా మధ్యకు విరిచి తెరిస్తే ఆ జిగురు పగిలి, నెలలోపే నడిమి పేజీలు చేతికొస్తాయి. ముందు నుంచి పది పేజీలు, వెనక నుంచి పది పేజీలు తెరిచి వెన్ను దగ్గర వేలితో నొక్కుతూ మధ్యకు రావాలి. దీనికి పట్టే పది నిమిషాలనూ పఠన సమయం కిందే రాసుకోవచ్చు. 400 పేజీల గట్టి అట్ట పుస్తకాన్ని వెల్లకిలా పడుకుని చదవడం మాత్రం ముక్కుకు క్షేమం కాదు.

ఇక టీవీ. సినిమా ఎవరైనా చూస్తారు. ఏ సినిమా చూడాలో తేల్చడమే సంసారం. తాతయ్య పాతదేదైనా పెట్టమంటారు. పిల్లలు డబ్బింగు వద్దంటారు. అమ్మమ్మ "ఏదో ఒకటి పెట్టండర్రా" అంటుంది గానీ, ఏది పెట్టినా "ఇది చూశాంగా" అంటుంది. ట్రైలరుకు 2 నిమిషాల లెక్కన 15 చూస్తే అరగంట. ప్రతిదాని మీదా 4 నిమిషాల చర్చ, అంటే ఇంకో గంట. ఎనిమిదికి మొదలైన సభ తొమ్మిదిన్నరకు గానీ ఏకగ్రీవం కాదు. అప్పటికి తాతయ్య మాత్ర వేసుకుని పడుకుంటారు కాబట్టి అభ్యంతరం చెప్పేవాళ్లూ తగ్గుతారు.

తీర్మానం అయ్యాక సాంకేతిక శాఖ పని మొదలవుతుంది. ఫోనులోని బొమ్మ టీవీ మీదికి రాకపోతే టీవీని తట్టి లాభం లేదు. ఫోను మొబైల్ డేటా మీదో, వైఫైలోని గెస్ట్ లైను మీదో ఉండి ఉంటుంది. రెండూ ఒకే వైఫైలో ఉంటేనే ఒకదానికొకటి కనిపిస్తాయి. తర్వాత "స్క్రీన్ల పరిమితి దాటింది" అని వస్తుంది. ఆ సినిమా యాప్ ఖాతాకు డబ్బు కట్టేది ఒకరు, వాడేది నాలుగు ఇళ్లు. కుటుంబ గ్రూపులో "ఎవరు చూస్తున్నారు?" అని మర్యాదగా అడగాలి. ఎవరూ చూడటం లేదని నాలుగిళ్ల వాళ్లూ నిమిషంలో జవాబిస్తారు, మరో నిమిషానికి ఒక స్క్రీను ఖాళీ అవుతుంది.

సినిమా మొదలైన పది నిమిషాలకు రిమోటు యుద్ధం. మాటలు వినపడవు, పెంచితే నేపథ్య సంగీతానికి కిటికీ అద్దాలు అదురుతాయి. తప్పు సంగీత దర్శకుడిది కాదు. ఆరు స్పీకర్లకు పంచే 5.1 సౌండులో మాటల కోసం నడిమి స్పీకరు ప్రత్యేకంగా ఉంటుంది. మన టీవీకి ఉన్నవి రెండే, కాబట్టి మాటా మోతా వాటిలోనే కుక్కుకుంటాయి. ఆడియో సెట్టింగులో 5.1 తీసేసి స్టీరియో పెట్టాలి, నైట్ మోడ్ ఉంటే అదీ వేయాలి. పెద్ద తెర సినిమా కాస్తా సీరియల్లా కనిపిస్తుంటే దానికీ కారణముంది. సినిమా సెకనుకు 24 ఫ్రేములు, టీవీ మధ్యలో సొంతంగా మరికొన్ని కల్పించి నునుపు చేస్తుంది. పిక్చర్ సెట్టింగుల్లో మోషన్ అని ఎక్కడుంటే అక్కడ ఆపేయాలి. ఈ మరమ్మతులన్నీ అయ్యేసరికి ఎవరో ఒకరు "మొదట్నుంచి పెట్టండి" అంటారు. పెట్టాలి. అడిగినవాళ్లు టైటిల్సులోనే నిద్రపోతారు.

శ్రవణానికి ఒక్కటే నియమం. ఇద్దరు ఒకే జత ఇయర్‌ఫోన్లను చెరొక చెవికి పంచుకుంటే కచేరీలో ఒకరికి వయొలిన్, ఇంకొకరికి మృదంగం దక్కే ప్రమాదముంది. ఫోను సెట్టింగుల్లో మోనో ఆడియో వేస్తే ఇద్దరికీ రెండూ అందుతాయి. ఆలుమగల మధ్య ఇంతకంటే చవకైన రాజీ లేదు.

బయటి తిరుగుళ్లకు వస్తే, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు. ఈ విషయం అందరికీ తెలుసు, శుక్రవారం గేటు దగ్గరికి వెళ్లాక. అక్కడి పాత గడియారంలో గంటగంటకూ ఒక బుల్లి మనిషి బయటికొచ్చి గంట కొడతాడు. ఒంటిగంటకు వెళ్తే ఒకటే దెబ్బ, పన్నెండుకు వెళ్తే 12. టికెట్టు ఎప్పుడైనా ఒకటే కాబట్టి గిట్టుబాటు ఎప్పుడో వేరే చెప్పనక్కర్లేదు. నగరమంతా ఇదే లెక్క వేసుకుంటుంది గనక పావుగంట ముందే చోటు పట్టాలి. పిల్లల్ని ముందు వరసలో నిలబెట్టాలి. పెద్దలు వెనక నుంచి చేతులెత్తి ఫోన్లలో తీయాలి. ఆ వీడియోలో గడియారం కనపడదు, మిగతావాళ్లు ఎత్తిన ఫోన్లు కనపడతాయి. మేలిముసుగు రెబెక్కా విగ్రహం దగ్గర ఎక్కువసేపు ఆగకూడదు. పాలరాతిలో ముసుగు అంత పలచగా ఎలా చెక్కారని పిల్లలు అడుగుతారు, చెప్పగలిగినవాళ్లు మనలో తక్కువ.

నాంపల్లి ఎగ్జిబిషన్, అదే నుమాయిష్ సంగతి వేరు. 1938లో బాగే ఆమ్‌లో, అంటే పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలై, 1946లో ఇప్పటి నాంపల్లి మైదానానికి మారింది. మామూలుగా జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా, 46 రోజులు. ఇన్ని రోజులున్నా కుటుంబాలన్నీ సంక్రాంతి సాయంత్రమే అక్కడుండాలని తీర్మానించుకుంటాయి. మెట్రోలో గాంధీభవన్ స్టేషన్లో దిగితే పార్కింగు గొడవ తప్పుతుంది, కారు తెచ్చిన బావమరిదిని వెతికే గొడవ తప్పదు. లోపల జనంలో ఫోను సిగ్నలు మీద ఆధారపడకూడదు. విడిపోకముందే ఒక గుర్తు చెప్పుకోవాలి. జెయింట్ వీల్ అందరికీ తోచే గుర్తు కాబట్టి పనికిరాదు, దాని కింద ఊరంతా ఎవరికోసమో ఎదురుచూస్తుంటుంది. మిర్చిబజ్జీ చివర్లో తినాలి. ముందే తింటే నూనె చేతులతో లక్నో చికన్ కుట్టు కుర్తాలు ముట్టుకోవాల్సి వస్తుంది, ముట్టుకున్నాక కొనక తప్పదు.

ఆఖరి అంకం సెలవుల చివరి రాత్రి, పదింటికి. "సంక్రాంతి సెలవులు ఎలా గడిపారు, 15 వాక్యాల్లో రాయండి" అన్న హోంవర్కు అప్పుడే బయటపడుతుంది. నుమాయిష్‌కు ఆరు వాక్యాలు, గడియారానికి నాలుగు, పుస్తకాలు చదివామనడానికి రెండు, మిగిలినవి భోగి మంటకు. అపార్టుమెంటులో భోగి మంట వేయకపోయినా రాయాలి, మార్కులు దానికే. సినిమా ప్రస్తావన వద్దు. తేదీలు టికెట్లు చూసి వేయాలి కనుక వాటిని ఆ రాత్రి దాకా ఎవరూ పారేయకూడదు. చేతిరాత మాత్రం పిల్లవాడిదే ఉండేలా అమ్మ జాగ్రత్తపడాలి.