టాంగీ శాసనం

బెజవాడ, గుంటూరు హోటళ్లలో మెనూ కార్డులు రాసే మహానుభావులకు వందనాలు. గోంగూర మటన్ ఎదుట ‘టాంగీ’. పప్పుచారు ఎదుట ‘టాంగీ’. మజ్జిగ పులుసు, నిమ్మకాయ పులిహోర, చివరికి వెనిగర్ పోసిన మంచూరియా ఎదుట కూడా అదే. గోంగూర తిని పెరిగిన జనానికి పులుపంటే ఒక్క ముక్క చాలని తేల్చేశారు. అచ్చు ఖర్చు తగ్గింది, సంతోషం.

ఆ మాట పుట్టిన చోట మాత్రం ఇంత పొదుపు లేదు. నోరూరించే పులుపైతేనే ఇంగ్లీషువాడు టాంగీ అంటాడు. పండు నాలుకని చురుక్కుమనిపిస్తే టార్ట్. మనిషి చురుక్కుమనేలా జవాబిచ్చినా టార్టే. సోర్ మరీ చిత్రం. పాలకి తగిలిస్తే పారబొయ్యమని, క్రీముకి తగిలిస్తే డబ్బిచ్చి కొనమని. మొహానికి తగిలిస్తే మన ఆముదం తాగిన మొహమే.

సరే, శాసనం శాసనమే. వంటింట్లోనూ అమలు చేద్దాం. పులుపంతా ఒకటే కనక చింతపండు పులిహోర చేసినట్టే నిమ్మకాయ పులిహోరా చెయ్యండి. చింతపండు గుజ్జు నూనె పైకి తేలేదాకా ఉడకాలి, లేకపోతే పచ్చివాసన పోదు. నిమ్మరసాన్నీ అలాగే మరిగించండి. చేదెక్కుతుంది, ఘుమఘుమ కాస్తా ఆవిరైపోతుంది. స్టవ్ కట్టేసి, పోపు చల్లారనిచ్చి, గింజలు నలగకుండా పిండాలనేది ఉత్త చాదస్తం!

పప్పుచారుకి కందిపప్పు పచ్చిగా ఉండగానే పులుసు పోసెయ్యండి. పులుపు తగిలితే గింజని గట్టిగా పట్టి ఉంచే పెక్టిన్ అనే జిగురు ఓ పట్టాన మెత్తబడదు. గ్యాసు బండ ఖాళీ అవుతుంది, పప్పు మాత్రం బద్దలు బద్దలుగానే ఉంటుంది. పచ్చి చామదుంపలు నేరుగా పులుసులో వేసినా ఇదే గతి.

మజ్జిగ పులుసుని కూడా చింతపండు పులుసులా కుతకుతా ఉడికించండి. విరిగి, నీళ్లు ఓ పక్క, తరకలు ఓ పక్క. అర లీటరు పుల్ల మజ్జిగకి రెండు చెంచాల శనగపిండి కలిపి, సన్నసెగ మీద తిప్పుతూ, ఒక్క పొంగు రాగానే దించేవాళ్లకి శాసనం మీద గౌరవం లేదన్నమాట.

గోంగూరలో ఎర్రకాడదానికి పులుపెక్కువ, తెల్లకాడదానికి తక్కువ. టాంగీవారికి ఆ తేడా అక్కర్లేదు, పచ్చడికీ పప్పుకీ ఒకే లెక్కన ఆకు పడేస్తారు. కడిగిన ఆకుని గుడ్డ మీద తడారబెట్టే ఓపికా ఉండదు. ఆ తడికి నిల్వ పచ్చడి బూజు పడుతుంది. కళాయి, అంటే లోపలి తగరపు పూత, పోయిన ఇత్తడి గిన్నెలో పులుసు కాచే ధీరుల సంగతి చెప్పనే అక్కర్లేదు. గిన్నెలోని రాగి దిగి, ముద్ద నోట పెట్టుకోగానే వెగటు.

కార్డు వేసేవారికి ఒక్క విన్నపం. టాంగీ పక్కన చిన్న అక్షరాలతో చింతపండో, నిమ్మకాయో, నిమ్మ ఉప్పో (అదే, సిట్రిక్ యాసిడ్) వేయించండి. మూడోదైతే ఇంకా చిన్న అక్షరాలైనా ఫర్వాలేదు.