పాత బయాప్సీ రిపోర్టు పారేయకండి
అండాశయ క్యాన్సర్ జీర్ణాశయం గోడలోకి పాకి, ఆ గోడలోనే పుట్టే జిస్ట్ అనే వేరే రకం గడ్డలా కనిపించిందన్న ఒక కథనం చదవగానే మా చిన్నత్త గుర్తొచ్చింది. మాది చిత్తూరు. అండాశయ క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిన నాలుగేళ్లకు ఆమెకు కడుపులో గడ్డ బయటపడింది. పైపొర నున్నగా ఉండటంతో మామూలు ఎండోస్కోపీలో తీసిన ముక్కలో ఏమీ దొరకలేదు. తిరుపతిలో ఎండోస్కోపిక్ అల్ట్రాసౌండ్ (గొట్టం చివరి స్కాన్‌తో గోడ లోపలి పొరలు చూసే పరీక్ష) చేసి, సూదితో లోపలి ముక్క తీశారు. అసలు సంగతి తేల్చింది దానికి వేసిన రంగు పరీక్షలే. జిస్ట్ అయితే సాధారణంగా సీడీ117, డాగ్1 అనే ప్రొటీన్లు పాజిటివ్ వస్తాయి. ఆమెకు అండాశయ క్యాన్సర్ వైపు చూపే పాక్స్8 అనే ప్రొటీన్ పాజిటివ్ వచ్చింది. జబ్బు పేరు మారితే మందే మారిపోతుంది: జిస్ట్‌కు ఇమాటినిబ్ మాత్రలు, అండాశయ క్యాన్సర్‌కు కార్బోప్లాటిన్, పాక్లిటాక్సెల్ లాంటి కీమో. కొత్త ముక్కతో పోల్చి చూడటానికి కావాల్సిన పాత బయాప్సీ రిపోర్టేమో మామయ్య బీరువాలో చీరల కింద పెట్టి మరిచిపోయారు. రెండు రోజులు ఇల్లంతా టెన్షన్!