ముందు మన దోమ ఏదో తేల్చండి

ఆడ అనాఫిలిస్ దోమ బతుకు మొత్తంలో దాదాపుగా ఒక్కసారే జత కడుతుంది. పొద్దుగూకే వేళ మగదోమలు గుంపుగా చేరి గాల్లో తిరుగుతుంటే ఆడది అందులోకి వెళ్లి ఒకదాన్ని కలుస్తుంది, దాని వీర్యాన్ని ఒంట్లో ఉన్న చిన్న సంచిలో దాచుకుని తర్వాత పెట్టే ప్రతి విడత గుడ్లకూ అందులోంచే వాడుకుంటుంది. మనల్ని కుట్టి రక్తం తాగేది కూడా ఆ గుడ్ల కోసమే. మగది కుట్టదు, పూలతేనె, మొక్కల రసం తాగి బతికేస్తుంది. ఆఫ్రికాలో మలేరియాను మోసే అనాఫిలిస్ గాంబియే జాతిలో అయితే మగది వీర్యంతో పాటు జిగురులాంటి ఒక బిరడా కూడా ఆడదాని ఒంట్లో పెట్టేస్తుంది, అందులో ఉండే హార్మోన్ వల్ల ఆడది ఇంకో మగదాని జోలికి పోకుండా గుడ్ల పనిలో పడుతుంది.

దోమల కాపురం సంగతి పేపర్లో ఎందుకయ్యా అంటారేమో. ఇన్నేళ్లూ మందు చల్లి, దోమతెర కట్టి దోమను చంపడమో తప్పించుకోవడమో చేశాం, ఇప్పుడు సైన్స్ నేరుగా దాని సంతానం మీదే గురి పెట్టింది. 2018లో లండన్ ఇంపీరియల్ కాలేజీలో ఆండ్రియా క్రిసాంటి బృందం గాంబియే దోమల్లో ‘డబుల్‌సెక్స్’ అనే జన్యువును పట్టుకుంది. దోమ ఆడదిగా తయారవ్వాలా మగదిగా తయారవ్వాలా అన్నది నడిపించే జన్యువు అది. అందులో ఆడదానికి మాత్రమే పనికొచ్చే ముక్కను చెడగొట్టారు. చెడిన జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండువైపులా వస్తే ఆ ఆడదోమ అటూ ఇటూ కాకుండా పుడుతుంది, కుట్టలేదు, గుడ్లు పెట్టలేదు. మగదోమకు ఏమీ కాదు, అది హాయిగా ఎగురుతూ ఆ జన్యువును ఇంకా పంచుతూ పోతుంది.

మామూలుగా అయితే ఏ జన్యువైనా సంతానంలో సగం మందికే చేరుతుంది, కాబట్టి ఇలాంటి చెడ్డ జన్యువు కొన్ని తరాల్లో దానంతటదే కనుమరుగవ్వాలి. ఇక్కడ అలా జరగదు. జీన్ డ్రైవ్ అంటున్న ఈ పద్ధతిలో ఆ జన్యువు, తమ్ముడి వాటా కూడా తన పేరునే రాయించుకునే అన్నలాగా, జన్యువులుండే క్రోమోజోముల జంటలో రెండోదాన్ని కత్తిరించి అక్కడా తన నకలే పెట్టించుకుంటుంది. దాంతో సగానికి బదులు దాదాపు సంతానం అంతటికీ చేరుతుంది. ల్యాబ్ బోనుల్లోని దోమల సంతతి 7 నుంచి 11 తరాల్లో పూర్తిగా అంతరించింది. ఇటలీలోని టెర్నీలో గదులంత పెద్ద బోనుల్లో చేసి 2021లో ప్రకటించిన ప్రయోగంలోనూ ఏడాది తిరక్కుండానే అదే ఫలితం. మలేరియాతో ఏటా సుమారు 6 లక్షల మంది చనిపోతున్నారు, అందులో ఎక్కువ మంది ఆఫ్రికా పసిపిల్లలే. ఈ లెక్క ముందు పెట్టుకుని ఈ పరిశోధనను వద్దనడం మావల్ల కాదు, వద్దనం కూడా.

కానీ ఇది ఏదో ఒకరోజు మన గట్టు మీదకీ వస్తుంది. బెంగళూరులో టాటా ట్రస్టుల డబ్బుతో పెట్టిన జెనెటిక్స్ సంస్థ, కాలిఫోర్నియా యూనివర్సిటీ శాస్త్రవేత్తలు కలిసి మన పట్టణాల్లో మలేరియా మోసే స్టీఫెన్సీ దోమ మీద పనిచేస్తున్నారు. అందుకే ఇప్పుడే కొన్ని మాటలు అనుకోవాలి.

గోదావరి డెల్టాలో దోమ అంటే మనకు ముందు గుర్తొచ్చేది బోదకాలు, ఆ తర్వాత డెంగీ. మురుగు డ్రెయిన్లలో పెరిగే క్యూలెక్స్ ఒకటి, ఇంట్లో తొట్టెల్లో, కొబ్బరి చిప్పల్లో పెరిగే ఏడిస్ ఇంకొకటి. మలేరియా అనగానే మన్యం జ్వరంలే, చింతూరు వాళ్లది, రంపచోడవరం వాళ్లది అనేస్తాం. నిజానికి మన దేశంలో పల్లెటూళ్ల మలేరియాకు ముఖ్య కారణమైన అనాఫిలిస్ క్యూలిసిఫేసీస్‌కు కావలసినవన్నీ ఇక్కడ ఉన్నాయి. శుభ్రమైన నీళ్లున్న పంటకాలువ, అప్పుడే నాట్లేసిన వరిచేను, పశువుల పాక. పైగా రాకపోకలు ఆగవు, పనికి ఏజెన్సీ వెళ్లొచ్చే మనిషి ఒంట్లో పరాన్నజీవి వస్తే దాన్ని మోయడానికి ఇక్కడ దోమ కాచుకునే ఉంటుంది.

అసలు తిరకాసు ఏమిటంటే క్యూలిసిఫేసీస్ అన్నది ఒక్క దోమ కాదు. కంటికి చూస్తే ఒకేలా ఉండే ఐదు జాతులకు కలిపి పెట్టిన పేరు అది, వాటికి ఏ, బీ, సీ, డీ, ఈ అని అక్షరాలు పెట్టారు. 1980లో మొదట రెండు తేలాయి, తర్వాత ఢిల్లీ మలేరియా పరిశోధన కేంద్రంలో సరళా సుబ్బారావు, ఆమె సహచరులు క్రోమోజోముల మీది చారలు చదివి మిగతావి తేల్చడంలో పెద్ద పని చేశారు. ఈ ఐదూ ఒకదానితో ఒకటి జత కట్టవు. ‘ఈ’ మలేరియాను గట్టిగా మోస్తుంది, ‘బీ’ చాలాచోట్ల దాదాపు మోయనే మోయదు. అంటే ‘ఏ’ జాతిలో వదిలిన జన్యువు ‘సీ’కి చేరదు, మన ఊళ్లో ఉన్నది ‘బీ’ ఒక్కటే అయితే దాని సంతతిని తుడిచిపెట్టి బావుకునేదేమీ లేదు. మందు చల్లే ఖర్చుకూ ఇదే వర్తిస్తుంది. ఆ మందులకు కూడా ఈ దోమలు దేశంలో చాలాచోట్ల అలవాటుపడిపోయాయి, డీడీటీకి ఎప్పుడో, ఇప్పుడు తెరలకు పూసే, గోడలకు చల్లే పైరెత్రాయిడ్ మందులకూ.

ఇంకో సంగతి కూడా చెప్పాలి, ఇందులో మా వృత్తికీ భాగం ఉంది. 1970ల మొదట్లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, మన దేశ వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ కలిసి అమెరికా నిధులతో ఢిల్లీ చుట్టుపక్కల ఊళ్లలో దోమల జన్యు నియంత్రణ ప్రయోగాలు చేశాయి. ఇది జీవాయుధాల కోసం చేస్తున్న పని అని పత్రికల్లో వచ్చింది, పార్లమెంటు దాకా వెళ్లింది, హర్యానాలోని సోనీపత్‌లో దోమలు వదలాల్సిన కార్యక్రమం ఆగిపోయింది, 1975లో మొత్తం ప్రాజెక్టుకే తాళం పడింది. ఆరోపణల్లో నిజమెంత అన్న వాదన అలా ఉంచండి. ఎవరి డబ్బు, ఏ దోమ, ఎందుకు అన్నది ఊరివాళ్లకు ముందే విడమరిచి చెప్పకపోతే అనుమానం ముందు ఏ సైన్సూ నిలబడదు. బుర్కినా ఫాసోలోనూ ఇలాంటిదే చూశాం. 2019లో బానా అనే ఊళ్లో, అదీ ఊరివాళ్ల ఒప్పుకోలుతో, జీన్ డ్రైవ్ లేని వంధ్య మగదోమలు కొన్ని వేలు వదిలారు. ఊరు ఒప్పుకున్నా 2025 ఆగస్టులో అక్కడి ప్రభుత్వం ఆ ప్రాజెక్టు పనులన్నీ ఆపించింది.

ఈ విషయంలో మనకు ఒక మంచి అలవాటు ఉండేది. జన్యువు మార్చిన బీటీ వంకాయ మీద 2010లో కేంద్ర మంత్రి హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో బహిరంగ విచారణలు పెట్టారు. గొడవ గొడవగా జరిగాయి, జరగనివ్వండి. వంకాయ అయితే నచ్చనివాళ్లు కొనకపోతే సరిపోతుంది, కాలువ దాటి ఎగిరే దోమ విషయంలో ఆ వెసులుబాటు ఎవరికీ లేదు, కాబట్టి విచారణ అమలాపురంలోనూ జరగాలి, చింతూరులోనూ జరగాలి, కోయభాషలోనూ జరగాలి.

ఇక జన్యువు వచ్చి కాపాడుతుందని చేతులు కట్టుకుని కూర్చునే వాళ్లకు ఒక మాట. శ్రీలంక 2016లో, చైనా 2021లో మలేరియా లేని దేశాలుగా గుర్తింపు పొందాయి, రెండూ జీన్ డ్రైవ్ లేకుండానే. జ్వరం వచ్చినవాడికి వెంటనే రక్తపరీక్ష, సరైన మందు, తెర, ఇళ్లలో మందు చల్లడం, నీటి దగ్గర నిఘా, ఇంతే. మన దేశం 2030కి మలేరియాను లేకుండా చేస్తామంటోంది. ఇక్కడ తిరగబెట్టే రకమైన వైవాక్స్ మలేరియాకు పద్నాలుగు రోజులు మింగాల్సిన ప్రైమాక్విన్ మాత్రలను జ్వరం తగ్గగానే ఆపేసే రోగులు ఎందరో, రోజూ వెళ్లి మింగించడానికి ఆశా వర్కర్‌కు ఉన్న తీరిక ఎంతో అందరికీ తెలుసు. ఏటా ఆగస్టు 20న, మలేరియాను మోసేది దోమేనని తేల్చిన రోనాల్డ్ రాస్ పేరు తలుచుకుని ర్యాలీ తీస్తాం, ఫొటో మేమూ వేస్తాం.

మేం అడిగేది పెద్ద ఖర్చు కాదు. ఏప్రిల్‌లో కాలువలు కట్టేసినప్పటి నుంచి సార్వా నాట్లు అయ్యేదాకా ఏజెన్సీ, మెట్ట, డెల్టా, సముద్రతీరం నాలుగు చోట్లా దోమలు పట్టించి, అవి ఏ జాతో తేల్చి, ఫలితాన్ని తెలుగులో పీహెచ్‌సీ గోడ మీద అంటించాలి. ఇప్పుడు దానికి క్రోమోజోముల చారలే చదవనక్కర్లేదు, డీఎన్‌ఏను బట్టి ఈ జాతులను చాలావరకు విడదీసే పీసీఆర్ పద్ధతులు వచ్చేశాయి. కోవిడ్ రోజుల్లో కాకినాడలో పీసీఆర్ పరీక్షలు చేసిన చేతులకు దోమ కాలు ముక్క నుంచి డీఎన్‌ఏ తీయడం నేర్పితే చాలు.