చెడిపోయింది, కానీ చెడిపోయినట్టు కాదట!

పోయిన నెల వానలో నా కొత్త ఎలక్ట్రిక్ స్కూటరు తెర నల్లబడి నడిరోడ్డు మీద ఆగిపోయింది. ఏడాదిలో ఇది నాలుగోసారి. సర్వీసు సెంటరు కుర్రాడు ఎంతో మర్యాదగా, "తర్వాతి అప్‌డేట్‌లో సరిచేస్తారు సార్" అన్నాడు. నేను కొనుగోలుదారుణ్ని కానని, వారి పరీక్షల్లో ఆఖరి దశనని, పైగా ఆ ఉద్యోగానికి డబ్బు నేనే కట్టానని అప్పుడు బోధపడింది.

అమెరికా కంపెనీ జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేసిన జె. టి. డ్యూయేన్ అనే అమాయకుడు 1964లో ఒక సంగతి ప్రకటించాడు. వస్తువును నడిపి, అది చెడితే కారణం వెతికి, దిద్ది, మళ్లీ నడుపుతూ పోతే, వైఫల్యాల మధ్య సగటు వ్యవధి పరీక్ష గంటలతోపాటు లాగ్ స్కేలు మీద (ఒక్కో మెట్టుకు అంకె పదింతలయ్యే కొలబద్ద అది) దాదాపు తిన్నని గీతగా పైకి లేస్తుందట. పదేళ్ల తర్వాత లారీ క్రో అనే గణాంకవేత్త దీనికి సంభావ్యతా శాస్త్రపు పునాది వేశాడు. ఆ గీత వాలు 0.3 అయితే, సగటు వ్యవధి రెండింతలు కావడానికి పరీక్ష గంటలు పదింతలు కావాలి. పదింతలా? దీపావళి ఆఫరు అంతవరకు ఆగుతుందా?

అందుకని కంపెనీలవాళ్లు గీతను సమావేశ మందిరంలోనే పైకి లేపుతారు. 600 గంటల్లో 12 వైఫల్యాలు, అంటే 50 గంటలకొకటి, నమోదయ్యాయనుకుందాం. ఒక్కొక్కదాన్నీ ముద్దాయిలా ప్రవేశపెడతారు. సెన్సరులోకి నీళ్లు చేరాయి: తప్పు వానది. కనెక్టరు ఊడింది: తప్పు గుంతది. కంట్రోలరు వేడెక్కింది: మే నెలలో బెజవాడలో బండి నడపమన్నదెవరు? ఛార్జి 40 శాతం నుంచి ఒక్కసారిగా సున్నాకు పడింది: ఆ 40ని నమ్మినవాడిదే తప్పు. సమోసాలు వచ్చేసరికి 11 వైఫల్యాలు నిర్దోషులుగా విడుదలవుతాయి. మిగిలింది ఒక్కటే కనుక సగటు వ్యవధి ఇప్పుడు 600 గంటలు! ఒక్క మర కూడా బిగించకుండా విశ్వసనీయత పన్నెండింతలైంది. ఇటువంటి వాలును పాపం డ్యూయేన్ కలలో కూడా చూసి ఉండడు.

పరీక్ష పరికరం తీగ తెగితే దాన్ని బండి ఖాతాలో వేయకూడదన్నది న్యాయమే. కానీ ఆ నియమాన్ని పరీక్షకు ముందు రాసుకోవాలి, అంకెలు చూసుకున్నాక కాదు.

2022 ఏప్రిల్‌లో నిజామాబాదులోనూ విజయవాడలోనూ ఇళ్లలో స్కూటరు బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. కేంద్రం బ్యాటరీ పరీక్షల నిబంధనలను బిగించింది ఆ తర్వాతే. ఎవరి ఇల్లో కాలితే తప్ప పరీక్ష కఠినం కాదా? పేలేదేదో ప్రయోగశాలలోనే పేలాలని కదా ఇన్ని దశలు పెట్టుకున్నది! పడుకున్న మనిషి పక్కన పేలిన దాన్ని ఏ దశ కింద రాసుకుంటారు?

నా స్కూటరు జాబ్ కార్డు నిన్ననే చేతికి వచ్చింది. "లోపం కనబడలేదు" అని ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉంది. నాలుగుసార్లు నేను తోసుకుంటూ ఇంటికి తెచ్చిన బండి వారి లెక్కలో ఒక్కసారి కూడా ఆగలేదన్నమాట.