ఆరొందల ఎమ్‌బీ ఖాళీ ఉంది, నాలుగు ఎమ్‌బీ దొరకదు

"అన్నా, ఫ్రీ కమాండ్ కొడితే ఆరొందల ఎమ్‌బీ ఖాళీ అంటోంది. నాలుగు ఎమ్‌బీ ఇవ్వడానికి ఈ లినక్స్‌కి ఏం రోగం?"

మా కెమెరా బోర్డు కస్టమర్ దగ్గర మూడో రోజుకల్లా ఆగిపోయినప్పుడు మా జూనియర్ అడిగిన మాట ఇది. మా టేబుల్ మీద మాత్రం ఒక్కసారీ ఆగలేదు. లాగ్‌లో ఒకటే ఏడుపు: పేజ్ అలొకేషన్ ఫెయిల్యూర్, ఆర్డర్ 10. అంటే 4 కేబీ ముక్కలు (పేజీలు) రెండు పదో ఘాతమన్ని, ఒకే వరసలో అడిగితే దొరకలేదని.

పెళ్లిలో బంతి వేశారనుకోండి. ఖాళీ విస్తళ్లు యాభై ఉన్నాయి, కానీ ఇక్కడొకటి, అక్కడొకటి. పదహారు మంది పక్కపక్కనే కూర్చుంటాం అని వస్తే ఎక్కడ కూర్చోబెడతారు? మెమరీలోనూ అంతే. మా కెమెరాది 1920 బై 1080 ఫ్రేమ్, పిక్సెల్‌కి 2 బైట్లు: 41,47,200 బైట్లు. 4 కేబీ పేజీల్లో 1013. లినక్స్‌లో పేజీలు పంచే బడ్డీ అలొకేటర్ 1, 2, 4, 8 ఇలా రెండు యొక్క ఘాతాల్లోనే ఇస్తుంది కాబట్టి 1024 పేజీలు, అన్నీ వరసగా. బూట్ అయిన కొత్తలో దొరుకుతాయి. మూడు రోజులు రకరకాల ప్రోగ్రాములు తిరిగాక ఎక్కడివి?

చెల్లాచెదురు పేజీల్ని కలిపి ఒకే వరసగా చూపించే వీమాలాక్ వాడొచ్చుగా అంటారు. అది ప్రాసెసర్ కళ్లకే వరసగా కనిపిస్తుంది. కెమెరా లాంటి పరికరాలకీ అలా వరసగా చూపించే ఐఓఎమ్‌ఎమ్‌యూ అనే హార్డ్‌వేర్ మా బోర్డులో లేదు, కెమెరాకి కావాల్సింది అసలు ఫిజికల్ అడ్రసులే.

నాకు ఒళ్లు మండింది మావాడి రిపేరు చూసి. మెమరీ అడిగేటప్పుడిచ్చే ఫ్లాగుల్లో మామూలుదైన జీఎఫ్‌పీ కెర్నల్ తీసేసి జీఎఫ్‌పీ అటామిక్ పెట్టాడు, అదేదో వీఐపీ పాస్ అయినట్టు! ఇంటరప్ట్‌లో (హార్డ్‌వేర్ పిలవగానే పరిగెత్తే కోడ్‌లో) నిద్రపోకూడదు కాబట్టి పుట్టిన ఫ్లాగ్ అది. అత్యవసరానికి దాచిన పేజీల్లో కాస్త చెయ్యి పెట్టనిస్తుంది, నిజమే. కానీ ఆగి, పేజీలు అటూఇటూ జరిపి చోటు చేసే అవకాశాన్నే తీసేస్తుంది. మనకి కావాల్సిందే అది కదా నాయనా! పైగా స్ట్రీమ్ మొదలైన ప్రతిసారీ తీసుకోవడం, ఆగినప్పుడల్లా వదిలేయడం. చేతిలో ఉన్న చోటు వదిలి మళ్లీ క్యూలో నిలబడటం దేనికి?

మేనేజర్‌గారి సలహా: "ర్యామ్ డబుల్ చేద్దామా?" చేస్తే మూడో రోజు కాకుండా ఆరో రోజు ఆగేదేమో.

దీనికోసమే 2012లో లినక్స్ 3.5తోనే సీఎమ్‌ఏ (కంటిగ్యువస్ మెమరీ అలొకేటర్) వచ్చింది. బూట్‌లోనే ఒక వరస పక్కన పెడుతుంది, ఈలోగా కదిలించగల పేజీలకి అప్పిస్తుంది, డ్రైవర్ రాగానే వాటిని లేపి వేరేచోట కూర్చోబెడుతుంది. (బంతిలో మనుషుల్ని అలా లేపితే పెద్దమనుషులు ఊరుకోరు, పేజీలకి ఆ పట్టింపు లేదు.) బోర్డులో ఏముందో కెర్నల్‌కి చెప్పే డివైస్ ట్రీ ఫైల్లో ఆ వరసకి నాలుగు లైన్లు రాసి, బఫర్లు ప్రోబ్‌లోనే (డ్రైవర్ మొదలయ్యేటప్పుడే) తీసేసుకున్నాం.

ఇప్పుడు టెస్ట్ బోర్డు మీద ఫైల్ కాపీలు, బ్రౌజర్ నడుస్తుండగా కెమెరా తిరుగుతోంది. ఇవాళ తొమ్మిదో రోజు. ఖాళీ వరసల లెక్క చూపే బడ్డీఇన్ఫోలో ఆర్డర్ 10 గడి ఎప్పుడో సున్నా అయింది.